కటైన పైసలు ఏడికి పోయినయి?

"అన్నా, నువ్వు కులం గురించి రాసేటోనివి. ఈ పీఎఫ్‌లు, పెన్షన్లు యూనియనోళ్ల లెక్కలు గదా, మనకెందుకు?"

ఈసారి భాగం పీఎఫ్ మీద రాస్తున్నానంటే యూనివర్సిటీలో చదివే ఒక తమ్ముడు అడిగిన మాట ఇది. తమ్ముడిని తప్పుపట్టను. కొన్నేళ్ల కింద నేనూ ఇట్లనే అనుకునేవాడిని. నా అభిప్రాయాన్ని మార్చింది ఏ పుస్తకమూ కాదు. మా పెద్దమ్మ పట్టుకొచ్చిన ఒక ప్లాస్టిక్ కవర్.

పెద్దమ్మ మా జిల్లాలోనే ఒక మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేది. 2014 చివర్లో పనిలోకి ఎక్కింది. తెల్లవారుజామున చీకట్లోనే హాజరు వేయించుకోవాలి. ఆలస్యమైతే ఆ రోజు కూలి పోయినట్టే. 2025 చివరికి 58 ఏళ్లు నిండాయి, ఇక రావద్దన్నారు. సన్మానం లేదు, శాలువా లేదు. పదకొండేళ్ల తర్వాత ఆమె చేతిలో మిగిలింది ఆ కవర్. అందులో ఆధార్ జిరాక్సులు, కొన్ని జీతం చీటీలు, మూడు ఏజెన్సీల పేర్లతో మూడు ఐడీ కార్డులు. ఊడ్చిన రోడ్డు ఒకటే, చీపురు ఒకటే, పని చేయించిన ఆఫీసూ ఒకటే. యజమాని పేరు మాత్రం మూడుసార్లు మారింది.

"నెల నెలా పీఎఫ్ కటైతున్నదని చెప్పిండ్రు బిడ్డా. కటైన పైసలు ఏడికి పోయినయో జర చూడు. పింఛిని ఎంతొస్తదో చెప్పు" అన్నది.

చూశాను. ఆమె పేరు మీద రెండు యూఏఎన్ నంబర్లు దొరికాయి. ఒకదాంట్లో మూడేళ్ల లెక్క ఉంది. ఇంకోదాంట్లో రెండేళ్లు. మిగిలిన ఆరేళ్లకు ఎక్కడా పేరు లేదు. జీతం చీటీలో పీఎఫ్ కోత ఉంది, పీఎఫ్ ఆఫీసు లెక్కలో మనిషే లేదు.

పీఎఫ్ పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. పెద్దమ్మ ఊడ్చింది పదకొండేళ్లు. కాగితం మీద ఐదేళ్లు. కాబట్టి ఆమె పింఛను సున్నా.

తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ సున్నాలో ఉంది. ఆ సున్నా ఎట్లా తయారైందో ఈ భాగంలో విప్పి చెప్తాను. కొంచెం లెక్కలుంటాయి. ఓపిక పట్టండి. మన లెక్క మనకు రాకపోవడం మీదనే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

ముందు చట్టం ఏం చెప్తుందో చూద్దాం.

ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1952 నాటిది. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. మున్సిపాలిటీలకు, కార్పొరేషన్లకు కూడా వర్తిస్తుందని కేంద్రం 2011 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. కార్మికుడి జీతంలో, అంటే బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో, 12 శాతం కార్మికుడి వాటాగా కట్ అవుతుంది. యజమాని ఇంకో 12 శాతం తన జేబులోంచి కట్టాలి. ఆ రెండో 12 శాతమే ఈ వ్యాసంలో అసలు విషయం.

లెక్క తేలిగ్గా ఉండాలని జీతం 15,000 అనుకుందాం. ఈ అంకెకు ఇంకో కారణం కూడా ఉంది. 2014 సెప్టెంబర్ నుంచి పీఎఫ్‌కు చట్టం పెట్టిన జీతం పరిమితి అదే. అంతకంటే ఎక్కువ జీతం ఉన్నా యజమాని 15,000 మీదనే లెక్కగట్టి చేతులు దులుపుకోవచ్చు.

కార్మికుడి వాటా 1,800. ఇది మొత్తం అతని పీఎఫ్ ఖాతాలోకి పోతుంది. యజమాని వాటా ఇంకో 1,800. ఇది రెండు ముక్కలవుతుంది. 8.33 శాతం, అంటే 1,250 రూపాయలు, 1995 నాటి పెన్షన్ స్కీములోకి. మిగిలిన 3.67 శాతం, అంటే 550 రూపాయలు, పీఎఫ్ ఖాతాలోకి. ఇవిగాక బీమాకు అర శాతం, పీఎఫ్ ఆఫీసు నిర్వహణ ఖర్చులకు అర శాతం కూడా యజమానే కట్టాలి. చెరో 75. పెన్షన్ స్కీముకు కేంద్ర ప్రభుత్వం తన వంతుగా 1.16 శాతం కలుపుతుంది.

గమనించారా? పింఛను అనేది పుట్టేదే యజమాని వాటాలోంచి. కార్మికుడి వాటాలోంచి పింఛనుకు ఒక్క రూపాయి పోదు. యజమాని తన వాటా ఎగ్గొడితే పోయేది కాస్త పొదుపు మాత్రమే కాదు, ముసలితనమే పోతుంది.

పింఛను లెక్క కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. పెద్దమ్మకు సగటు 15,000 అనుకుంటే, పదకొండేళ్లకు 1,65,000ను 70తో భాగిస్తే 2,357 రూపాయలు. ఏడుస్తూ తీసుకునే మొత్తమే. అయినా నెల నెలా, చచ్చేదాకా వచ్చేది. ఆమె పోయాక భర్త బతికుంటే ఆయనకు సగం వచ్చేది. ఆ ఆరేళ్లు మాయం కావడంతో అదంతా ఎగిరిపోయింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సర్వీసులో ఉండగా కార్మికుడు చనిపోతే పదేళ్ల నిబంధన లేదు. ఒక్క నెల వాటా కట్టి ఉన్నా చాలు, భార్యకు పింఛను వస్తుంది. 25 ఏళ్లు నిండేదాకా ఇద్దరు పిల్లలకు కూడా వస్తుంది. బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా రావచ్చు. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోయినవాళ్ల ఇళ్లకు మనం పోతాం, ధర్నా చేస్తాం, నష్టపరిహారం అడుగుతాం. 2014 తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన 10 లక్షలు, 2023 అక్టోబర్ తీర్పులో దాన్ని పెంచి చెప్పిన 30 లక్షలు మనకు నోటికి వచ్చు. అడగాల్సిందే. కానీ "ఆయనకు పీఎఫ్ నంబర్ ఉందా?" అని మనలో ఎంతమందిమి అడిగాం? నేను అడగలేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఇప్పుడు దోపిడీ పద్ధతులు. ఇవన్నీ ఏళ్ల తరబడి కార్మికుల చీటీలు చూసి నేర్చుకున్నవి.

మొదటిది, రెండు వాటాలూ కార్మికుడి నెత్తినే రుద్దడం. చీటీలో "పీఎఫ్ 25 శాతం" అని ఉంటుంది. 15,000లో 3,750 కోత. ఈఎస్ఐ సంగతి పక్కన పెడితే చేతికి రావాల్సింది 13,200, వచ్చేది 11,250. నెలకు 1,950 దొంగతనం. ఏడాదికి 23,400. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదని చట్టం సూటిగా చెప్తుంది. కార్మికుడు ఒప్పుకుని సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. చాలా ఔట్‌సోర్సింగ్ టెండర్లలో జీతం వేరుగా, యజమాని పీఎఫ్ వాటా వేరుగా, ఏజెన్సీ కమీషన్ వేరుగా లెక్కగట్టి ప్రభుత్వమే బిల్లు చెల్లిస్తుంది. అంటే ఆ 13 శాతం ప్రజల డబ్బులోంచి ఏజెన్సీకి ఒకసారి ముట్టింది. పెద్దమ్మ జీతంలోంచి రెండోసారి ముట్టింది. పీఎఫ్ ఖాతాకు మాత్రం ఒక్కసారి కూడా చేరలేదు.

రెండోది, పేరే ఎక్కించకపోవడం. వంద మంది పనిచేస్తుంటే అరవై మంది పేర్లతో చలానా కట్టి అదే కాగితాన్ని ఆఫీసులో చూపించడం.

మూడోది, టెండర్ మారినప్పుడల్లా కొత్త నంబర్. యూఏఎన్ వచ్చిందే ఒక మనిషికి జీవితాంతం ఒకటే నంబర్ ఉండాలని. చదువురాని మనిషికి ఆధార్‌లో ఒక పేరు, మస్టర్‌లో ఒక పేరు ఉంటాయి. కొత్త ఏజెన్సీ కొత్త నంబర్ తీస్తుంది. సర్వీసు ముక్కలవుతుంది. పదేళ్ల గీత ఎప్పటికీ దాటదు.

నాలుగోది, "పాత ఏజెన్సీ పోయింది, మీ పీఎఫ్ పైసలు తీసుకోండి" అని మధ్యలోనే పెన్షన్ డబ్బు కూడా డ్రా చేయించడం. ఫారం 19తో పీఎఫ్, ఫారం 10సీతో పెన్షన్ డబ్బు తీసేస్తారు. నింపి పెట్టినందుకు మధ్యలో ఒకడు రెండు వేలు తింటాడు. పెన్షన్ డబ్బు ఒకసారి తీసేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. అదే 10సీ ఫారంతో డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే సర్వీసు నిలుస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్పేవాడు లేక ఎందరి పింఛన్లు పోయాయో.

ఐదోది చదువుకున్న దొంగతనం. బేసిక్ తక్కువ చూపి, మిగతాది రకరకాల అలవెన్సుల పేరుతో ఇచ్చి, పీఎఫ్‌ను బేసిక్ మీద మాత్రమే కట్టడం. అందరికీ ఒకే తీరుగా ఇచ్చే అలవెన్సులు కూడా బేసిక్‌లో భాగమేనని 2019 ఫిబ్రవరిలో వివేకానంద విద్యామందిర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఆగలేదు.

"ఇదంతా కాంట్రాక్టర్ తప్పు, మున్సిపాలిటీ ఏం చేస్తుంది?" అనే మాట ఆఫీసర్ల నోట వింటుంటాం. అబద్ధం. పీఎఫ్ స్కీము ప్రకారం కాంట్రాక్టర్ పెట్టుకున్న కార్మికులకు కూడా రెండు వాటాలూ కట్టే బాధ్యత ప్రధాన యజమానిదే. పని ఎవరిదో వాళ్లే ప్రధాన యజమాని. కాంట్రాక్టర్ కట్టకపోతే ప్రధాన యజమాని కట్టి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టర్ బిల్లులోంచి పట్టుకోవాలి. నెల ముగిసిన ఏడు రోజుల్లో కాంట్రాక్టర్ దగ్గర పేర్లతో సహా లెక్క తెప్పించుకోవాలి. 15 రోజుల్లో డబ్బు జమ కావాలి. బిల్లు పాస్ చేసే బల్ల మీద పీఎఫ్ చలానా లేకుండా ఫైలు కదలకూడదు. కదిలిందంటే ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికి తెలిసే కదిలింది.

కార్మికుడి జీతంలోంచి కోసిన వాటాను జమచేయకపోవడం మామూలు బకాయి కూడా కాదు, నేరం. పాత శిక్షాస్మృతి 405వ సెక్షన్‌లో దాన్ని నమ్మకద్రోహంగా స్పష్టంగా రాశారు. ఇప్పటి న్యాయ సంహితలో అది 316వ సెక్షన్. పీఎఫ్ చట్టం కింద ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. కోడిని దొంగిలించినందుకు మన పిల్లలు స్టేషన్లో దెబ్బలు తిన్న ఊళ్లు నాకు తెలుసు. వందల మంది పీఎఫ్ మింగినందుకు స్టేషన్ మెట్లెక్కిన కాంట్రాక్టర్‌ను మా జిల్లాలో నేను చూడలేదు. మీరు చూసి ఉంటే చెప్పండి, సంతోషిస్తాను.

ఇప్పుడు కులం దగ్గరికి వద్దాం.

మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్లను గుర్తించే పని పట్టణాల్లో జరుగుతోంది. 2024 డిసెంబర్‌లో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి ధ్రువీకరించిన 54,574 మందిలో 37,060 మంది ఎస్సీలు. దాదాపు 68 శాతం. ఉద్యోగాల్లో మన వాటా 15 శాతం దాటితే ప్రతిభ పోతుందని గుండెలు బాదుకునేవాళ్లు ఈ 68 శాతం దగ్గర ఎన్నడూ నోరు మెదపలేదు. అక్కడ ఎవరికీ ప్రతిభ గుర్తుకురాదు.

పర్మినెంట్ పోస్టుగా ఉన్న రోజుల్లో సఫాయి పని అవమానంతో పాటు కనీసం ఒక పింఛను, ఒక క్వార్టర్, చనిపోతే పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చేది. ఆ పోస్టులు ఖాళీ అయిన కొద్దీ ఔట్‌సోర్సింగ్ చేశారు. పని మనకే ఉంచారు, పనితో వచ్చే భద్రతను మాత్రం తీసేశారు. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా పేరుస్తుందని బాబాసాహెబ్ 1936లోనే మనకు చూపించాడు. మున్సిపల్ ఆఫీసులో ఆ మెట్లు ఇవాళ కూడా కనిపిస్తాయి. పై మెట్టు మీద ట్రెజరీ జీతం, కింది మెట్టు మీద ఏజెన్సీ చీటీ. కింది మెట్టు మీద ఎవరున్నారో పేర్లు చదివితే తెలిసిపోతుంది.

చట్టం కూడా మెట్లు కట్టింది. 12 శాతానికి మినహాయింపుగా 10 శాతమే కట్టొచ్చని కొన్ని రంగాలకు వెసులుబాటు ఇచ్చారు. ఏవా రంగాలు? జనపనార, బీడీ, ఇటుక, కొబ్బరిపీచు లాంటివి. మన ఆడవాళ్ల వేళ్లు అరిగే పనులు. ఇక అంగన్‌వాడీలు, ఆశాలు, మధ్యాహ్న భోజనం వండే తల్లులైతే అసలు కార్మికులే కాదట. వాళ్లకిచ్చేది జీతం కాదు, "గౌరవ వేతనం". గౌరవం ఉన్నచోట పీఎఫ్ ఉండదన్నమాట.

మన ఉద్యమాల మీద కూడా ఒక మాట. కార్మిక సంఘాలు పీఎఫ్ గురించి దశాబ్దాలుగా మాట్లాడుతున్నాయి, సమ్మెలు చేశాయి. వాళ్ల శ్రమను తక్కువ చేయను. కానీ పీఎఫ్ ఎగ్గొట్టేది ఎక్కువగా ఎవరికన్న ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. మనమేమో కులం గురించి పొద్దుపోయేదాకా మాట్లాడతాం, మన అమ్మ పాస్‌బుక్ ఎన్నడూ తెరిచి చూడం. ఈ రెండు సగాలూ కలవకపోవడం వల్ల లాభపడుతున్నది కాంట్రాక్టర్ ఒక్కడే.

"పీఎఫ్ చట్టాన్ని అంబేడ్కర్ తెచ్చాడు" అని ప్రతి ఏప్రిల్ 14కి ఫార్వర్డులు తిరుగుతాయి. ఆయన 1951 సెప్టెంబర్ చివర్లోనే మంత్రి పదవికి రాజీనామా రాసిచ్చాడు. పీఎఫ్ ఆర్డినెన్స్ వచ్చింది అదే ఏడాది నవంబర్‌లో, చట్టం 1952లో. బాబాసాహెబ్‌కు మన అబద్ధాలు అక్కర్లేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఆయన చేసిన పనే కొండంత ఉంది. తర్వాత ఈఎస్ఐ చట్టానికి దారితీసిన ఆరోగ్య బీమా నివేదిక ఆ కాలంలోనే తయారైంది. కార్మికుడి భద్రత దయ కాదు, రాజ్యం బాధ్యత అని నమ్మిన మనిషి ఆయన. ఆ నమ్మకాన్ని మనం ముందుకు తీసుకుపోవాలంటే ఫార్వర్డ్ కొడితే చాలదు, పాస్‌బుక్ చదవాలి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. "మావోళ్లే పీఎఫ్ వద్దంటున్నరు. చేతికొచ్చే పైసలే ముఖ్యం అంటున్నరు" అని కొందరు కార్యకర్తలు నాతో అన్నారు. నిజమే. నెలకు 1,800 కోత అంటే ఆ ఇంట్లో బియ్యం, గ్యాస్, పిల్లగాని బస్ పాస్. రేపటి గురించి ఆలోచించే సౌకర్యం ఇవాళ కడుపు నిండినవాడికే ఉంటుంది. కానీ ఒకటి అడగండి. పీఎఫ్ వద్దన్న కార్మికుడికి యజమాని తన 12 శాతాన్ని చేతికిస్తున్నాడా? ఇవ్వడు. కార్మికుడు వదులుకునేది తన కోతను మాత్రమే కాదు, యజమాని మీద తనకున్న హక్కును కూడా. ఆ 12 శాతం యజమాని దానం కాదు. ఇవాళ్టి చెమటకు రేపు ఇవ్వాల్సిన జీతం. కోత బరువనిపిస్తే జీతం పెంచమని కొట్లాడాలి గానీ ముసలితనాన్ని అమ్ముకోకూడదు.

కనీస పింఛను సంగతి చూస్తే అది కూడా నవ్వులాటే. 2014 సెప్టెంబర్ నుంచి వెయ్యి రూపాయలు. ఇప్పటికీ వెయ్యే. తెలంగాణలో ఆసరా పింఛను 2,016, ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛను 4,000. అవి ఎక్కువని కాదు నేననేది. ఏళ్ల తరబడి వాటా కట్టిన కార్మికుడికి వెయ్యి చూపించడం ఎంత అవమానమో అంటున్నా. కనీసం 7,500, దానిమీద డీఏ ఇవ్వాలని పెన్షనర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ డిమాండ్ మనది కూడా కావాలి. జీతం పరిమితి కూడా 15,000 దగ్గరే పన్నెండో ఏట ఉంది. ఈ పన్నెండేళ్లలో బియ్యం ధర ఆగిందా?

చట్టం మారుతోంది కూడా. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. పీఎఫ్ ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ కిందికి వచ్చింది. పాత స్కీములను ఏడాది పాటు కొనసాగనిస్తున్నారు. ఈ కోడ్‌లో మూల రేటు 10 శాతం, నోటిఫికేషన్ ఇస్తే 12 శాతం. అంటే మన 12 శాతం ఇకపై ఒక నోటిఫికేషన్ మీద ఆధారపడి ఉంటుంది. ఐదేళ్లు దాటిన బకాయి మీద విచారణ మొదలుపెట్టకూడదని కూడా రాశారు. పాత చట్టంలో ఈ గడువు లేదు. జైలు శిక్ష అట్లాగే ఉంది, జరిమానా 10 వేల నుంచి లక్షకు పెరిగింది. పెరిగిన జరిమానా గురించి ప్రభుత్వం చెప్పుకుంటుంది, ఐదేళ్ల గడువు గురించి మనమే చెప్పుకోవాలి. పెద్దమ్మ లాంటివాళ్లు పదవీ విరమణ నాడు గానీ పాస్‌బుక్ అడగరు. అప్పటికి ఐదేళ్లు ఎప్పుడో దాటిపోతాయి. ఈ నిబంధన ఎవరిని కాపాడటానికో వేరే చెప్పాలా?

ఆలస్యంగా కట్టినందుకు వేసే నష్టపరిహారం అంతకుముందు ఏడాదికి 5 నుంచి 25 శాతం దాకా ఉండేది. 2024 జూన్‌లో నెలకు 1 శాతానికి తగ్గించారు. పేర్లు ఎక్కించని యజమానులు 2025 నవంబర్ నుంచి 2026 ఏప్రిల్ చివరిదాకా ముందుకొచ్చి ఎక్కించుకుంటే నామమాత్రంగా 100 రూపాయల జరిమానా చాలన్నారు. కార్మికుడు చేరితే మంచిదే, కాదనను. కానీ బస్సులో టికెట్ తీసుకోని కూలీకి పడే జరిమానా ఇంతకంటే ఎక్కువ.

మరి ఏం చేయాలి? విద్యార్థి మిత్రులకే చెప్తున్నాను. మీరు చదివే క్యాంపస్‌లో బాత్రూమ్ కడిగే అక్క, గేటు దగ్గర నిలబడే అన్న, మెస్‌లో పళ్లేలు తోమే అమ్మ, చాలాచోట్ల వీళ్లంతా ఏజెన్సీ కింద ఉన్నవాళ్లే. మీ చేతిలో ఫోన్ ఉంది. ఒక ఆదివారం చాలు.

వాళ్ల యూఏఎన్ అడగండి. తెలియకపోతే జీతం చీటీ మీద చూడండి. యూఏఎన్‌కు కలిపిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ, బ్యాలెన్స్ మెసేజ్ వస్తాయి. పాస్‌బుక్ తెరిస్తే మూడు గడులుంటాయి. కార్మికుడి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా. మూడో గడి ఖాళీగా ఉందా చూడండి. ఏ నెలలు లేవో ఒక కాగితం మీద రాయండి. రెండు నంబర్లుంటే పాతదాన్ని కొత్తదానిలోకి బదిలీ పెట్టించండి. ఎట్టి పరిస్థితిలోనూ పెన్షన్ డబ్బు డ్రా చేయనివ్వకండి.

తర్వాత ఆర్టీఐ. మీ సంస్థకో, మున్సిపాలిటీకో రెండే రెండు అడగండి: ఏజెన్సీకి చెల్లించిన నెలవారీ బిల్లులు, వాటితో పాటు ఏజెన్సీ ఇచ్చిన పీఎఫ్ చలానాలు. పక్కపక్కన పెట్టి చూస్తే ఎంతమందికి బిల్లు తీసుకుని ఎంతమందికి కట్టారో బయటపడుతుంది. ఆ కాగితాలతో పీఎఫ్ ఆఫీసు ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ ఆఫీసు శిబిరం పెడుతుంది, మనుషుల్ని తీసుకుని అక్కడికి పోండి. ఫిర్యాదు ఒక్కరి పేరు మీద కాకుండా పది మంది పేరు మీద ఉండాలి. ఒక్కరైతే రేపు పనిలోకి రానివ్వరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వమే ఆప్కాస్ అనే సంస్థ పెట్టింది. దానిలో లోపాలున్నాయి, కార్మికులు ఇప్పటికీ పర్మినెంట్ కాలేదు. కానీ ఒక విషయం రుజువైంది. జీతానికీ కార్మికుడికీ మధ్య ప్రైవేటు ఏజెన్సీ అవసరం లేదు. శాశ్వత పనికి శాశ్వత ఉద్యోగం కావాలన్నదే మన అసలు డిమాండ్. అది సాధించేదాకా కనీసం దొంగతనం ఆగాలి.

పెద్దమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. రెండు నంబర్లూ ఒకటి చేయించాం. ఐదేళ్లు ఒక చోటికి వచ్చాయి. మిగిలిన ఆరేళ్ల కోసం ఆమె దగ్గరున్న చీటీలు, తోటి కార్మికులు పద్నాలుగు మంది సంతకాలు కలిపి ఫిర్యాదు పెట్టాం. ఆ పద్నాలుగు మందిలో పదకొండు మందిది ఇదే కథ. పని ఇంకా తేలలేదు. ఆ ఆరేళ్ల బకాయి కట్టించగలిగితే సర్వీసు పదకొండేళ్లవుతుంది, పింఛను మొదలవుతుంది. లేకపోతే లేదు.

మొన్న ఇంటికి పోతే ఆ కవర్ మళ్లీ తెచ్చి నా ముందు పెట్టింది. ఈసారి అందులో పక్కింటి ఇద్దరు ఆడవాళ్ల చీటీలు కూడా ఉన్నాయి.

"నాది వచ్చినా రాకపోయినా, వీళ్లయి జర ముందే చూడు బిడ్డా. వీళ్లకింకా పదేండ్లున్నయి" అన్నది.

తమ్ముడూ, మనకెందుకని అడిగావు కదా. ముందు మీ అమ్మ దగ్గర ఇట్లాంటి కవర్ ఏదన్నా ఉందేమో చూడు. తర్వాత మాట్లాడుకుందాం.

జై భీమ్.